మాయమైన దోమ చప్పుడు

"బావా, ఇవాళ్టితో ఈ ఊళ్ళో నేరానికి నూకలు చెల్లాయి! ఎందుకంటే, నా మెదడు నిద్ర లేచింది!"

ఆఫీసు గుమ్మంలో నిలబడి, ఒక చెయ్యి నడుం మీద వేసుకుని, ఇంకో చేత్తో భూతద్దం తిప్పుతూ ఈ ప్రకటన చేసినవాడు డేగకన్ను. ఆ బిరుదు అతనికి ఎవరూ ఇవ్వలేదు. ఎవరైనా ఇస్తారేమోనని కొన్నేళ్ళు ఎదురుచూసి, లోకానికి బొత్తిగా రసికత లేదని తేల్చుకుని, తనకు తానే ఇచ్చుకున్నాడు. కళ్ళజోడు తీస్తే ఎదురుగా వస్తున్నది మనిషో, స్తంభమో పోల్చుకోలేడు. ఓసారి స్తంభానికి నమస్కారం పెట్టి, పలకలేదని నొచ్చుకున్నాడు కూడా.

"నీ మెదడు నిద్ర లేస్తే లేచింది గానీ, నెమ్మదిగా మాట్లాడరా. ఇవాళ నా ప్రాణం మీదికొచ్చింది," అన్నాడు బావ.

బావ ఆ ఆఫీసు యజమాని. సైకిళ్ళ రిపేరు షాపు పైన రెండు గదులు, అందులో నాలుగు బల్లలు, బల్లకో కంప్యూటరు, ఇదీ ఆఫీసు. చంటిపిల్లలకి చెవులు సరిగ్గా వినపడుతున్నాయో లేదో పరీక్ష చేసే ప్రోగ్రాం అక్కడ తయారవుతోంది. స్పీకర్లోంచి రకరకాల చప్పుళ్ళు వస్తాయి. ఏ చప్పుడికి పిల్ల తల తిప్పింది, దేనికి తిప్పలేదు అన్నది చూసి డాక్టరు సంగతి తేలుస్తారు. డేగకన్నుకీ ఆ ప్రోగ్రాంకీ ఏ సంబంధమూ లేదు. అతను బావమరిది, అంతే. "తమ్ముడు ఇంట్లో ఖాళీగా ఉంటే పాలగిన్నెలకి వేలిముద్రలు తీస్తున్నాడండీ, మీతో పాటు ఆఫీసుకి తీసుకెళ్ళండి" అని బావ భార్య చెప్పింది. ఆవిడ చెప్పాక బావకి వేరే అభిప్రాయం ఉండే అలవాటు లేదు. అలా డేగకన్ను ఆఫీసుకి రక్షణాధికారి అయ్యాడు. ఇంతవరకూ రక్షించిందేమీ లేదు గానీ, ఇద్దరు కొరియర్ వాళ్ళు మాత్రం ఆ మెట్లెక్కడం మానేశారు.

ఇవాళ మధ్యాహ్నం భోజనాలయ్యాక చెవుల డాక్టరమ్మ వస్తుంది. ప్రోగ్రాం ఆవిడకి నచ్చితే ఆఫీసు నిలబడుతుంది. నచ్చకపోతే సైకిళ్ళ షాపువాడికి పై గదులు కూడా దక్కుతాయి. పొద్దున్నే, ఆ చప్పుళ్ళు రికార్డు చేసే కొత్తమ్మాయి కంప్యూటరు తెరిచి కెవ్వుమంది. చప్పుళ్ళన్నీ మాయం. చెంచా కింద పడ్డ చప్పుడు లేదు, తలుపు కిర్రుమన్న చప్పుడు లేదు, కుక్కర్ ఈల లేదు, అన్నిటికన్నా ముఖ్యంగా దోమ చప్పుడు లేదు. ఆ ఒక్క దోమ చప్పుడిని మైకులో పట్టుకోడానికి ఆ పిల్ల ఎన్ని సాయంత్రాలు చెయ్యి చాచి కూర్చుని కుట్టించుకుందో ఆఫీసంతా చూసింది.

బావ ప్రాణం మీదికి రావడానికి ఇంకో కారణం కూడా ఉంది. అది ఆయనకి తప్ప ఎవరికీ తెలీదు. ఆ చప్పుళ్ళు మాయం చేసింది ఆయనే.

నిన్న సాయంత్రం అందరూ వెళ్ళిపోయాక, డాక్టరమ్మ కంటే ముందు తానే వినాలన్న సరదా కొద్దీ కొత్తమ్మాయి కుర్చీలో కూర్చున్నాడు. దోమ చప్పుడు విన్నాడు, మురిసిపోయాడు. అక్కడితో లేచి ఉంటే ఈ కథ ఉండేది కాదు. ఒకప్పుడు తానూ ప్రోగ్రాములు రాసినవాడే. ఇప్పుడు సంతకాలు పెట్టడం, ఫోన్లో "చూద్దామండీ" అనడం తప్ప పని లేదు. చేతులు తుప్పు పట్టలేదని తనకు తానే చూపించుకోవాలనిపించింది. ఆఫీసులో పెద్దాయన ఒకరున్నారు, నిదానంగారని. ఆయన అప్పుడప్పుడు నల్ల తెర మీద 'గిట్ చెకౌట్' అని కొట్టి, చివర ఒక అడ్డగీత పెట్టి, చిటికెన వేలితో ఎంటర్ నొక్కుతాడు. చూడ్డానికి ఎంత దర్జాగా ఉంటుందో! బావ కూడా అదే కొట్టాడు. అడ్డగీత పెట్టాడు. చిటికెన వేలితోనే నొక్కాడు. తెర మీద ఏదో హెచ్చరిక గడగడా వచ్చింది, చదవలేదు. చూస్తుండగానే చప్పుళ్ళ ఫోల్డరు ఖాళీ అయిపోయింది. అప్పుడు బాధ్యత గల యజమాని ఏం చెయ్యాలో అదే చేశాడు. కంప్యూటరు ఆపేసి, చడీచప్పుడు లేకుండా ఇంటికెళ్ళిపోయాడు. రాత్రంతా ఫ్యాన్ని చూస్తూ పడుకున్నాడు.

ఇప్పుడు లోపలి గదిలో నిదానంగారు కొత్తమ్మాయిని ఏదో అడుగుతున్నాడు. ఆయన మాట్లాడితే ఒక్కో మాటకీ మధ్య రైలు పట్టేంత ఖాళీ ఉంటుంది.

"అమ్మా... హెడ్డు... అంటే... తల ఊడి ఉన్నట్టు... చూపించిందా?"

"అవును సార్," అంది కొత్తమ్మాయి ముక్కు తుడుచుకుంటూ. "తల ఊడిందని నెల్లాళ్ళుగా చెప్తూనే ఉంది. పని జరుగుతోంది కదా అని నేనే పట్టించుకోలేదు."

"మరి... కొమ్మకి..."

"ఏ కొమ్మకీ కట్టలేదు సార్. అలా గాల్లో వదిలేశాను."

గుమ్మంలో ఉన్న డేగకన్ను చేతిలోంచి భూతద్దం జారి కాలి మీద పడింది. అయినా అరవలేదు. గొప్పవాళ్ళు అలాంటివి పట్టించుకోరు. ఒంటికాలి మీద గెంతుతూ వెళ్ళి తలుపు గడియ పెట్టేశాడు.

"ఎవరూ కదలొద్దు! తల తెగి నెల్లాళ్ళయింది! కొమ్మకి కట్టలేదట, గాల్లో వదిలేశారట! బావా, నీ ఆఫీసులో శవం ఉంది!" అని గాలి గట్టిగా పీల్చాడు. "వాసన కూడా వస్తోంది!"

"అది కింద రబ్బరు కాలుస్తున్న వాసనరా."

"అందరూ మొదట అలాగే అనుకుంటారు."

బావ అతన్ని కూర్చోబెట్టి, మంచినీళ్ళిచ్చి, విషయం విడమర్చి చెప్పాడు. రాసిన ప్రతి పనినీ, చేసిన ప్రతి మార్పునీ జాగ్రత్తగా దాచే ఏర్పాటు ఒకటి ఉందిరా, దాని పేరు గిట్. అందులో పనులు చెట్టుకొమ్మల్లా పెరుగుతాయి. మనం ఇప్పుడు ఏ కొమ్మ మీదున్నామో చెప్పే గుర్తుని తల అంటారు. ఈ అమ్మాయి ఓ పాత రోజు ఎలా ఉందో చూడ్డానికి వెనక్కి వెళ్ళి, అక్కడే కూర్చుని పని చేసుకుపోయింది. అక్కడ కొమ్మ లేదు. అందుకని తల ఊడి ఉంది. పని కొమ్మ మీద లేదు కాబట్టి పై సర్వర్లోకీ వెళ్ళలేదు. ఇప్పుడు కనపడ్డం లేదు. మనుషులెవరూ చావలేదు.

డేగకన్ను కళ్ళు మూసుకుని అంతా విన్నాడు. తర్వాత ఒక కన్ను తెరిచాడు.

"దాని పేరేమన్నావు?"

"గిట్."

"గిట్! పుట్టడం, గిట్టడం! పేరులోనే చావు పెట్టుకుని, మనుషులెవరూ చావలేదంటావా? ఎంత అమాయకుడివి బావా! సరే, ఆ చప్పుళ్ళని ఆఖరిసారి ప్రాణాలతో చూసిందెవరు?"

"నేనే," అంది కొత్తమ్మాయి.

"హు! కమిట్ చేసిందెవరు?"

"నేనే సార్. రోజూ సాయంత్రం ఇంటికెళ్ళేముందు కమిట్ చేసే వెళ్తాను."

డేగకన్ను కుర్చీలోంచి లేచాడు, మళ్ళీ కూర్చున్నాడు, మళ్ళీ లేచాడు. "రోజూనా? ఇంటికెళ్ళేముందా? కళ్ళార్పకుండా చెప్తోంది చూడు బావా! నా వృత్తిజీవితంలో ఇంత త్వరగా ఒప్పుకున్న నేరస్థురాలు లేదు!"

"కమిట్ అంటే దాచడంరా!"

"నేరస్థులు చేసేదే అది, కమిట్ చేస్తారు, దాచేస్తారు!"

కొత్తమ్మాయి కళ్ళు మళ్ళీ నిండాయి. బావ కుర్చీలోంచి సగం లేచాడు. ఇప్పుడే చెప్పెయ్యాలి అనుకున్నాడు. "ఒరేయ్, అసలు..." అని మొదలెట్టాడు కూడా. కానీ ఎదురుగా నిదానంగారి తెల్లగడ్డం, పక్కన నిన్నగాక మొన్న చేరిన పిల్ల, మధ్యలో రేపు భోజనాల దగ్గర ఈ కథని అభినయంతో సహా చెప్పగల బావమరిది. నోరు దానంతటదే మూసుకుంది.

ఈలోగా నిదానంగారు కీబోర్డు వైపు చెయ్యి చాచాడు. "ఏమీ లేదు... ఇది... రెఫ్‌లాగ్... కొడితే..."

"ఆగండి!" డేగకన్ను ఆయన చేతి మీద చిన్న దెబ్బ వేశాడు. "ఎవర్ని లాగుతారు? ఎవర్ని కొడతారు? నేనుండగా ఈ గదిలో లాగడాలూ కొట్టడాలూ కుదరవు. విచారణకో మర్యాదుంది!"

"అది కాదు బాబూ... రెఫ్... లాగ్..."

"బావా, ఈయన్ని గమనించావా? ఆఫీసు మునిగిపోతుంటే చెమట పట్టలేదు. గొంతు వణకలేదు. ఇంత నిదానం మామూలు మనిషికి సాధ్యమా? ఈ కేసులో మొదటి అనుమానితుడు ఈయనే. అనుమానితుడు సాక్ష్యాన్ని ముట్టుకోకూడదు." అంటూ ఆయన్ని భుజాలు పట్టుకుని నడిపించి, మూలన ఉన్న స్టూలు మీద గోడవైపు తిప్పి కూర్చోబెట్టాడు. నిదానంగారు "అంటే... ఏమిటంటే..." అని గోడకి చెప్పడం మొదలుపెట్టాడు. గోడ ఓపిగ్గా విన్నది.

తర్వాత సాక్ష్యాల సేకరణ మొదలైంది. డేగకన్ను జేబులోంచి ముఖానికి రాసుకునే పౌడరు డబ్బా తీసి, వేలిముద్రల కోసం కీబోర్డు మీద ధారాళంగా చల్లాడు. భూతద్దం పెట్టి వంగాడు. తుమ్మాడు. ఆ తుమ్ముతో ముద్రలూ పౌడరూ కలిసి బావ చొక్కా మీదికి వచ్చాయి.

"పరవాలేదు, ఇంకా బోలెడు ఆధారాలున్నాయి," అన్నాడు ముక్కు తుడుచుకుని. "ఇదేమిటి? బిస్కెట్టు పొడి! తీపి లేని బిస్కెట్టు! ఈ ఆఫీసులో తీపి లేని బిస్కెట్లు తినేదెవరు?"

"నేను," అన్నాడు బావ, నేలమాళిగలోంచి వచ్చినట్టున్న గొంతుతో. అదే ఒప్పుకోలు అయిపోతుందేమోనని సగం భయపడ్డాడు, సగం ఆశపడ్డాడు.

"అంటే నేరస్థుడు నీ డబ్బాలోంచి దొంగతనం కూడా చేశాడన్నమాట! రెండో నేరం!" డేగకన్ను కుర్చీ చుట్టూ తిరిగాడు. "అమ్మాయ్, ఈ కుర్చీ నువ్వు ఇంత కిందికి దించుకుంటావా?"

"లేదు సార్. నేను పొడుగు కదా. పొద్దున్న కూర్చోగానే మోకాళ్ళు గడ్డానికి తగిలాయి."

"శభాష్! నేరస్థుడు పొట్టివాడు! బావా, ఓసారి కూర్చో." బావ కూర్చున్నాడు. పాదాలు నేలకి ఆనాయి, మోచేతులు బల్లకి ఆనాయి, కొలిచి కుట్టించుకున్నట్టు సరిపోయింది. దొరికిపోయానని బావ కళ్ళు మూసుకున్నాడు. డేగకన్ను ముఖం మెల్లగా ఎర్రబడింది.

"ఎంత కుట్ర బావా! నేరస్థుడు సరిగ్గా నీ కొలతలున్న మనిషి! నిన్ను ఇరికించాలని చూస్తున్నాడు! నేను లేకపోతే ఈపాటికి అందరూ నిన్నే అనుమానించేవారు తెలుసా?"

అప్పుడే మానిటరు వెనకాల కళ్ళజోడు కనపడింది. అది నిన్న బావ కంగారులో వదిలేసి వెళ్ళింది. పొద్దున్నుంచి ఆయనకి అక్షరాలన్నీ చీమల బారులా కనపడుతున్నాయి గానీ, ఎక్కడ పోయిందని అడిగే ధైర్యం లేదు. డేగకన్ను దాన్ని గబుక్కున అందుకున్నాడు. "నా కళ్ళజోడు ఇక్కడికెలా వచ్చింది? అందుకే ఇందాకట్నుంచీ మసగ్గా ఉంది!" అని పెట్టేసుకున్నాడు. అతని జోడు అతని ముక్కు మీదే ఉంది. ఇప్పుడు దాని మీద ఇంకోటి చేరింది. రెండు జోళ్ళతో అతనికి తలుపెక్కడుందో కూడా తెలీలేదు. "ఆహా, ఇప్పుడు అంతా స్పష్టంగా ఉంది," అన్నాడు కిటికీ కర్టెన్ని చూస్తూ.

కొత్తమ్మాయి తన సంచీ భుజానికి తగిలించుకుని బావ ముందుకొచ్చింది.

"సార్, తప్పు నాదే. తల ఊడిందని అది చెప్తున్నప్పుడే మీకో, నిదానంగారికో చెప్పాల్సింది. డాక్టరమ్మగారు వస్తే ఏం చూపిస్తాం? నా వల్ల ఆఫీసు పోయిందని అనిపించుకుని ఇక్కడ కూర్చోలేను. నేను వెళ్ళిపోతాను."

"అదేంటమ్మా, తొందరపడకు," అన్నాడు బావ.

"మా తమ్ముడికి చెవుడని బళ్ళో వేసేదాకా ఎవరికీ తెలీలేదు సార్. పిలిస్తే పలకడని, పొగరని కొట్టేవాళ్ళం. నేనూ కొట్టాను. అందుకే ఈ పనిలో చేరాను. ఇంకో ఇంట్లో అలా జరక్కూడదనుకున్నాను. తీరా నా చేతుల్తోనే పోగొట్టాను."

బావకి తన మీద తనకే అసహ్యం వేసింది. తన పరువు కోసం ఈ పిల్లని పొద్దున్నుంచి ఏడిపిస్తున్నాడు. పరువంటే ఏమిటట? సైకిళ్ళ షాపు పైన రెండు గదుల పరువు. ఆయన లేచి నిలబడ్డాడు.

"అమ్మా, ఆ సంచీ దించు. ఆ పని చేసింది నువ్వు కాదు. నిన్న సాయంత్రం ఈ కుర్చీలో కూర్చుని..."

"ష్!" డేగకన్ను బావ నోరు మూద్దామని చెయ్యి చాచి, రెండు జోళ్ళ వల్ల గురి తప్పి చెవి పట్టుకున్నాడు. "నాకు తెలిసిపోయింది బావా, చెప్పకు! ఒక్కటే ప్రశ్న. దోమ చప్పుడు మాయమైతే లాభం ఎవరికి?"

"ఎవరికీ కాదు! చెవి వదలరా!"

"తప్పు. దోమల మందు అమ్మేవాళ్ళకి! పిల్లలు చిన్నప్పట్నుంచే దోమ చప్పుడు గుర్తుపట్టి చేత్తో కొట్టేస్తే, వాళ్ళ మందు కొనేదెవరు? ఇది మామూలు నేరం కాదు బావా. దేశదేశాల దోమమందు ముఠా!"

మూల నుంచి నిదానంగారు గోడతో చెప్తున్న మాట వినపడింది: "ఒక్క... నిమిషం... పని..."

"ఆ ముఠా మనిషి ఏం చేశాడో తెలియాలంటే ఒకటే మార్గం," అన్నాడు డేగకన్ను. "నేరాన్ని మళ్ళీ జరిపించాలి. మొదట్నుంచి చివరిదాకా, యథాతథంగా. బావా, నువ్వు నేరస్థుడిగా నటించు. నీ కొలతలు సరిపోయాయి, నీ బిస్కెట్టు ఎలాగూ ఉంది. అమ్మాయ్, ఆ సంచీ పక్కన పెట్టి, నీ మైకు ఆన్ చెయ్యి. ఈ గదిలో ఇకనుంచి జరిగే ప్రతి చప్పుడూ రికార్డు కావాలి, కోర్టుకి పనికొస్తుంది."

కొత్తమ్మాయి బావ వైపు చూసింది. బావ ఆ చూపు తట్టుకోలేక తల దించుకున్నాడు. ఆ పిల్ల మైకు ఆన్ చేసి బల్ల మీద పెట్టింది.

నోటితో చెప్పబోతే వీడు చెప్పనివ్వడం లేదు, వేళ్ళతో చెప్పేస్తాను అనుకున్నాడు బావ. ఏం కొట్టానో అదే కొడతాను, అందరూ చూస్తారు, అర్థం చేసుకుంటారు, తిడతారు, అయిపోతుంది. కుర్చీలో కూర్చున్నాడు. అక్షరాలు కనపడకపోయినా వేళ్ళకి దారి గుర్తుంది. గిట్ చెకౌట్. అడ్డగీత. చిటికెన వేలు.

"అంత సునాయాసంగా ఎలా నటిస్తున్నావు బావా! నీలో ఇంత కళ ఉందని అక్కకి తెలుసా?" అన్నాడు డేగకన్ను.

బావ ఎంటర్ నొక్కాడు. తెర మీద రెండు మూడు వరసలు కదిలాయి. అంతే. గదిలో ఏమీ జరగలేదు. కింద షాపులో ఎవరో సైకిలు గంట వాయించారు.

అప్పుడు వినపడింది. సన్నగా, ఎడమవైపు నుంచి, సూదిలో దారం ఎక్కిస్తున్నట్టు.

జుయ్‌య్‌య్...

డేగకన్ను తన చెంప మీద ఫట్టున కొట్టుకున్నాడు. రెండు జోళ్ళూ ఎగిరి తలోవైపు పడ్డాయి. చప్పుడు కుడివైపుకి తిరిగింది. అతనూ అటు తిరిగి బావ బట్టతల మీద ఠపీమని ఒకటి వేశాడు. "పట్టేశాను!... లేదు, తప్పించుకుంది!"

"దోమ!" అని అరిచింది కొత్తమ్మాయి. "సార్, నా దోమ! నా దోమ వచ్చేసింది!"

పొద్దున్నుంచి చప్పుళ్ళు దొరకలేదని అలిగి కూర్చున్న ప్రోగ్రాం, ఫోల్డరు నిండగానే తన పని తాను మొదలెట్టింది. దోమ తర్వాత చెంచా కింద పడింది. తలుపు కిర్రుమంది. డేగకన్ను తలుపు వైపు పరిగెత్తి "ఎవరది?" అన్నాడు. నిజంగానే బయట ఎవరో తలుపు తడుతున్నారు. గడియ తీస్తే డాక్టరమ్మ. విచారణ గొడవలో భోజనాల వేళ దాటిపోయిందని ఎవరూ గమనించలేదు.

ఆవిడ లోపలికి అడుగు పెట్టేసరికి దోమ వంతు మళ్ళీ వచ్చింది. ఆవిడ చటుక్కున మెడ మీద కొట్టుకుంది. "ముందు ఆఫీసులో దోమల మందు పెట్టించండయ్యా!"

"చూశావా బావా, ముఠా మనిషి!" అని గుసగుసగా అన్నాడు డేగకన్ను.

"దోమ స్పీకర్లో ఉంది డాక్టరమ్మగారూ," అంది కొత్తమ్మాయి. నవ్వూ ఏడుపూ కలిసిపోయాయి.

డాక్టరమ్మ స్పీకరు దగ్గరికెళ్ళి చెవి పెట్టింది. మళ్ళీ వేయించుకుని వింది. మూడోసారి విన్నప్పుడు కూడా చెయ్యి మెడ మీదికి పోబోయి ఆగింది. "నా దగ్గరున్న యంత్రం 'బీప్' అంటుంది, పిల్లలు దిక్కులు చూస్తారు. దీనికి తల తిప్పని పిల్ల ఉంటే ఆ పిల్లకి నిజంగా వినపడనట్టే. ఇదమ్మా నాకు కావలసింది. ఎవరు చేశారు?"

"ఈ అమ్మాయే," అన్నాడు బావ. ఈసారి ఎవరూ అడ్డం రాలేదు.

ఇదే సందని నిదానంగారు స్టూలు మీద ఇటు తిరిగాడు. ఆ ఆఫీసులో చేరాక ఆయన మొదటిసారిగా ఒక మాట పూర్తిగా చెప్పగలిగాడు.

"ఆ అడ్డగీతకి... ఇంతకుముందు ఉన్న చోటికి పో అని... అర్థం. ఒకసారి కొడితే... అమ్మాయి పని వదిలేసి అసలు కొమ్మ మీదికి పోయింది. మళ్ళీ కొడితే... అమ్మాయి పని దగ్గరికి తిరిగొచ్చింది. ఏదీ డిలీట్ అవలేదు. పొద్దున్నే రెఫ్‌లాగ్... అదే, తల తిరిగిన చోట్ల చిట్టా... చూసి నేనే తెచ్చేవాణ్ణి. నన్ను గోడకి అప్పజెప్పారు."

"చూశారా! నేరాన్ని రెండోసారి చేయిస్తే మొదటిది రద్దయిపోతుందన్న నా సిద్ధాంతం!" అన్నాడు డేగకన్ను. అలాంటి సిద్ధాంతం ఒకటుందని అతనికీ అప్పుడే తెలిసింది. "నేను ఎవర్నీ ఏదీ ముట్టుకోనివ్వకపోవడం వల్లే కదా అంతా ఎక్కడిదక్కడ ఉంది!"

"మరి మొదటిసారి ఎవరు కొట్టారు?" అంది కొత్తమ్మాయి. ఆ పిల్ల డేగకన్నుని చూడ్డం లేదు. "సార్, అదే కొట్టాలని మీకెలా తెలుసు?"

బావ డాక్టరమ్మని చూశాడు, నిదానంగారి గడ్డాన్ని చూశాడు, గట్టిగా ఊపిరి పీల్చుకున్నాడు.

"తప్పు నాదే. నిన్న సాయంత్రం నీ కుర్చీలో కూర్చుని కొట్టింది నేనే. దర్జా కోసం కొట్టాను. హెచ్చరిక వస్తే చదవలేదు. కంప్యూటరు ఆపేసి పారిపోయాను. పొద్దున్నుంచి నువ్వు ఏడుస్తుంటే నోరు మూసుకుని కూర్చున్నాను. అది ఇంకా పెద్ద తప్పు. నన్ను క్షమించమ్మా."

డేగకన్ను కళ్ళలో నీళ్ళు తిరిగాయి. వచ్చి బావని గట్టిగా కావలించుకున్నాడు.

"ఎంత మంచి మనసు బావా! ఓ ఆడపిల్లని కాపాడ్డానికి చెయ్యని నేరం నెత్తినేసుకుంటున్నావా?"

"చేశానురా! నిజంగా నేనే!"

"నన్ను మోసం చెయ్యలేవు. బిస్కెట్టు నీది, కుర్చీ కొలత నీది, ఇప్పుడు నోటితో ఒప్పుకోలు కూడా నీదే. ఇన్ని ఆధారాలు ఒకే మనిషి వైపు చూపిస్తే ఆ మనిషి నిర్దోషి. అపరాధ పరిశోధనలో ఓనమాలు తెలిసినవాడెవడైనా చెప్తాడు. అసలు దోషి ఇదిగో!" అని ముక్కు ఆనించి వెతికి, కీబోర్డులోంచి అడ్డగీత మీటని గోటితో పెకలించి, ప్లాస్టిక్ కవర్లో వేసి జేబులో పెట్టుకున్నాడు. "కేసు మూసేశాను. ఉండు, అక్కకి చెప్పాలి."

బావ వారిస్తుండగానే ఫోను కలిపి స్పీకర్లో పెట్టాడు.

"అక్కా! నీ మొగుడు మనిషి కాదే, మహానుభావుడు! కొమ్మకి కట్టని దోమ చప్పుడు కంప్యూటర్లోంచి మాయమైతే, చెయ్యని తప్పు తనదేనని పదిమందిలో ఒప్పుకుని, క్షమాపణ కూడా చెప్పాడు!"

అవతల చాలాసేపు ఏమీ వినపడలేదు. లైను తెగిందేమోనని డేగకన్ను ఫోను దులిపాడు.

"ఎవరూ, మీ బావే?" అంది ఆవిడ ఆఖరికి. "తప్పు నాదే అన్నారా? ఆ మాటే అన్నారా? పెళ్ళయిన దగ్గర్నుంచీ పాలు పొంగిపోతే పాలది తప్పు, రైలు తప్పిపోతే రైలుది తప్పు. ఆ నోట ఆ మాట వచ్చిందంటే నేను నమ్మను. ఎవరైనా విన్నారా?"

కొత్తమ్మాయి బల్ల మీది మైకు వైపు చూసింది. దాని మీద ఎర్ర దీపం ఇంకా వెలుగుతూనే ఉంది. పొద్దున్నుంచి మొదటిసారి ఆ పిల్ల ముఖంలో అల్లరి కనపడింది.

"మొత్తం రికార్డయింది మేడమ్," అంది ఫోను దగ్గరికి వంగి. "దోమ పక్కనే దాస్తాను."

"బంగారు తల్లీ! నాకో కాపీ పంపు. ఇంకో నాలుగు చోట్ల కూడా దాచు," అంది ఆవిడ. "ఈసారి మాత్రం కొమ్మకి గట్టిగా కట్టమ్మా, మీ సారు కంప్యూటరు దగ్గరికి రాకుండా చూసుకో."